అందరి అక్కమ్మ

మంచం మడవడంలో కూడా ఒక ఒడుపుంది. కాళ్ళవైపు కడ్డీని మోకాలితో నెట్టి, నడుము దగ్గర నవారు నలగకుండా ఎత్తి, ఆ ఊపులోనే తలవైపు సగాన్ని తెచ్చి దాని మీద వాల్చాలి. తడబడితే వేళ్ళు నలుగుతాయి. శశికళ తడబడడం మానేసి చాలా ఏళ్ళయింది. వెలుగు సరిగా రాకముందే, గదిలో చెల్లెలి పిల్లలు ఇంకా కదలకముందే, మంచం మడిచి వంటింటి తలుపు వెనక నిలబెట్టి పైన దుప్పటి కప్పేసింది. ఆ హాలులో రాత్రి ఒక మనిషి పడుకుందని చెబితే ఇక ఎవరూ నమ్మరు.

నలభై దాటి నాలుగైదేళ్ళయిన మనిషి. పొడుగరి. ఎవరెవరి ఎత్తుకో కట్టుకున్న వంటింటి గట్ల దగ్గర వంగి వంగి భుజాలు కొంచెం ముందుకు వాలాయి. ముక్కుకు రెండు పక్కలా కళ్ళద్దాల గుంటలు, బట్టల సబ్బుకు పగిలిన వేలి చివర్లు. జుట్టును ఒక్క వెంట్రుక కూడా ఊడకుండా బిగించి ముడి వేసుకుంటుంది. ఎందుకంటే ఏ ఇంట్లోనైనా అన్నంలో వెంట్రుక వస్తే అందరూ ముందు ఆమె తలవైపే చూస్తారు.

ఆ మడత మంచాన్ని నాన్న పిళ్ళప్ప గౌరిబిదనూరు సంతలో కొన్నాడు. పెళ్ళయిన ఏడాదికే హిందూపురం నుంచి పెట్టె పట్టుకుని వచ్చేసిన కూతురు చలికాలంలో కటిక నేల మీద పడుకోవడం చూడలేక కొన్నాడు. హిందూపురంలో అల్లుడికి అప్పటికే ఇంకో సంసారం ఉందని నాన్నకూ తెలుసు, ఊళ్ళో వాళ్ళకూ తెలుసు. అయినా బంధువులంతా అన్న మాట ఒకటే: శశికళ కాపురం నిలుపుకోలేకపోయింది. తప్పు జరిగింది హిందూపురంలో, బయటపడింది పుట్టింటి గడపలో. పేరు మాత్రం బయటపడిన చోటే రాసుకున్నారు.

నాన్న పోయాక ఆ మంచమూ ఆమే మూడు ఊళ్ళు తిరగసాగారు. బాగేపల్లిలో అన్న వెంకటరమణప్ప, ఇంటి ముందరే ప్రొవిజన్ అంగడి. చిక్కబళ్ళాపురంలో తమ్ముడు నాగరాజ్. చింతామణిలో చెల్లెలు ప్రతిమ. ముగ్గురిలో ఒక్కరిదీ చెడ్డ మనసు కాదు. ముగ్గురూ ఆమెను తమ ఇంట్లోనే ఉండమన్నవాళ్ళే, అయితే తమకు అవసరమైనప్పుడు. ఒక ఇంట్లో పురుడు, ఒక ఇంట్లో పదో తరగతి పరీక్షలు, ఇంకొక ఇంట్లో కాలు విరిగిన అత్తగారు. మంచం బస్సు పైకెక్కేది, శశికళ బస్సులోకెక్కేది. టైపింగు నేర్చుకుని, కంప్యూటరు నేర్చుకుని, ఒక స్కూల్లో, ఒక సహకార సంఘంలో కుదురుకున్న ఉద్యోగాలు కూడా ఆ ప్రయాణాల్లోనే ఎక్కడో దిగిపోయాయి.

తమాషా ఏమిటంటే ప్రతి ఇంటివాళ్ళకూ ముందటి ఇంటివాళ్ళ మీద ఫిర్యాదే. చిక్కబళ్ళాపురంలో ఉండి చక్కెర లేని కాఫీ అలవాటు చేసుకుని వచ్చిందని బాగేపల్లి వదిన మూతి తిప్పేది. బాగేపల్లి కారం తెచ్చి మా పిల్లల కడుపులు చెడగొట్టిందని ప్రతిమ గొణిగేది. వచ్చిన మనిషి ఎలా వచ్చిందో చూసి విసుక్కున్నారే గాని, పోయేటప్పుడు ఎలా పంపుతున్నామని ఎవరూ చూసుకోలేదు.

అన్నింటికీ ఆమె దగ్గర ఉన్న జవాబు ఒక్క మాట. కానీ. అలాగే కానీ, జరగనీ, నాదేముంది అనే అర్థంలో కానీ. గొంతు ఎత్తకుండా, ముఖం తిప్పకుండా అనేది. ఆ మాటకు తెలుగులో ఇంకో అర్థం ఉందని, దాని తర్వాత ఇంకో వాక్యం రావచ్చని ఆమె ఇంట్లో ఎవరికీ తట్టలేదు. నిజం చెప్పాలంటే ఆమెకూ చాలా రోజులు తట్టలేదు.

"అక్కా, సాయంత్రం పిల్లోళ్ళని ట్యూషన్ నుంచి నువ్వే పిలుచుకొని రావల్ల. నాకు సంఘం మీటింగుండాది" అంది ప్రతిమ, డబ్బాలకు మూతలు పెడుతూ.

"కానీ" అంది శశికళ. అని, చిత్రాన్నం గరిటె పట్టుకున్న చెయ్యి ఒక్క క్షణం ఆపింది. సాయంత్రం ఆమెకు వేరే పని ఉంది. ఆ పని గురించి చెల్లెలికి వారం రోజులుగా చెప్పలేకపోతోంది.

ఆ పని చౌడమ్మ ఇంట్లో ఉంది. ఆఫీసుకు పోయే దారిలో, పూల మండి వెనక సందులో చౌడమ్మకు రెండు గదుల ఇల్లు. కొడుకు కోడలు వేరుపడి పోయాక వెనక గది ఖాళీగా ఉంది. అద్దెకు అడగడానికి పోయిన రోజు శశికళ గది కంటే ముందు అందులోని మంచాన్ని చూసింది. టేకు మంచం, నాలుగు కాళ్ళూ ఏనుగు కాళ్ళంత. "దీన్ని తీసేసేదానికి అయ్యేది లేదమ్మా, వాకిలి కట్టకముందు పెట్టింది. మడిచేదీ కాదు, జరిపేదీ కాదు" అని చౌడమ్మ ఏదో లోపం చెప్పుకున్నట్టు చెప్పింది. శశికళ ఆ మంచం పట్టె మీద చెయ్యి పెట్టి చాలాసేపు నిలబడింది. ఆ గది కావాలనిపించింది. బతుకులో ఏదైనా కావాలని అంత గట్టిగా అనిపించి ఎన్నాళ్ళయిందో ఆమెకు గుర్తు లేదు.

ఈ ఉదయం చౌడమ్మ గడపలో కూర్చుని కనకాంబరాలు కడుతోంది. శశికళను చూసి దారం పళ్ళ మధ్య పట్టుకునే అడిగింది.

"ఏమి చేస్తివమ్మా? బ్యాంకులో పని చేసే ఆయప్ప ఇంటోళ్ళు నిన్న కూడా వచ్చి అడిగిపోయినారు. నాకు నువ్వైతేనే బాగుంటాది. దీపం పెట్టే పొద్దుకి వచ్చి బీగం తీసుకో. లేకుంటే వాళ్ళకి చెప్పేస్తాను, తప్పనుకోవద్దు."

"వస్తానమ్మా" అంది శశికళ. అనేసి నాలుగడుగులు వేశాక ఆమెకు భయం పట్టుకుంది.

ఆఫీసు విత్తనాల అంగడి మీద. మెట్లెక్కుతుంటే పురుగుమందు వాసన, కిటికీ తీస్తే మార్కెట్ యార్డు నుంచి మిగలపండిన టమాటల వాసన. పురుషోత్తమ్ అనే కుర్రతనం పోని మనిషి, బెంగళూరులో పదేళ్ళు ఉద్యోగం చేసి వచ్చి, సొంత ఊళ్ళో అయిదారుగురితో ఒక వెబ్ అప్లికేషను తయారు చేయిస్తున్నాడు. రైతు అందులో పేరు నమోదు చేసుకుని మండికి టమాటలు తెస్తే, తూకం, హరాజు పాటలో పలికిన ధర, చేతికి రావలసిన డబ్బు అన్నీ ఫోనులోనే కనిపించాలి. శుక్రవారం మండి యజమానులు వచ్చి చూస్తారు. వాళ్ళు ఒప్పుకుంటే ఆఫీసు ఉంటుంది, లేకపోతే కింది అంగడివాడు మేడ మీద కూడా విత్తనాల మూటలు వేసుకుంటాడు.

శశికళ ఇక్కడికి వచ్చింది పేర్లు టైపు చెయ్యడానికి. రెండేళ్ళలో అక్కడ పనిచేసే సహన ఆమెకు పరీక్షలు రాయడం నేర్పింది. పరీక్ష అంటే, అప్లికేషనులో ఏదైనా మార్చిన ప్రతిసారీ కంప్యూటరే ఒక రైతులాగా లోపలికి పోయి, పేరు రాసి, టమాటలు తూచి, డబ్బు తీసుకుని, అంతా సరిగా ఉందో లేదో చూసి రావడం. సరిగా ఉంటే పచ్చ, లేకపోతే ఎరుపు. నిజమైన రైతుల మీద ఇలాంటి ప్రయోగాలు చెయ్యకూడదు గనక ఉత్తుత్తి రైతులు కావాలి. ఇదివరకు ఎవరికి తోచిన రైతును వాళ్ళు పుట్టించుకునేవారు. ఒకడికి ఊరుండేది కాదు, ఒకడి పేరు ఏ బి సి డి. ఈ గందరగోళం వద్దు, అందరూ వాడుకునేట్టు ఒకే రైతును పెట్టమని పురుషోత్తమ్ ఆ పనిని శశికళకు అప్పగించాడు.

అలా అక్కమ్మ పుట్టింది. ఊరు నాగరగెరె. శశికళ ఆమెకు రెండెకరాల చేను, ఒక బోరు, ఒక ఫోను, సొంత పేరుతో బ్యాంకు ఖాతా ఇచ్చింది. తన దగ్గర లేనివన్నీ ఇవ్వడంలో ఏమీ పిసినారితనం చూపించలేదు. అక్కమ్మ వివరాలు ఒకే ఫైలులో పెట్టింది. పరీక్షలన్నీ మొదలయ్యే ముందు అక్కమ్మ ఒక్కసారి తయారవుతుంది. తూకం వాళ్ళూ, హరాజు వాళ్ళూ, డబ్బు వాళ్ళూ అందరూ ఆ ఒక్క అక్కమ్మనే వాడుకుంటారు. ఒక మనిషి ఉండగా పదిమంది ఎందుకు? శశికళకు అది ఎంతో పొదుపైన ఏర్పాటుగా తోచింది.

ఈ రోజు మెట్లెక్కి లోపలికి వచ్చేసరికి సహన ముఖం ఎర్రగా ఉంది. స్క్రీను కూడా ఎర్రగానే ఉంది. డబ్బు లెక్క చూసే పరీక్షలు వరసగా తప్పాయి. ఏది తప్పినా ఆఫీసు గ్రూపులో ఆ పరీక్ష రాసినవాళ్ళ పేరుతో సందేశం పడుతుంది. ఈ ఉదయం వరసగా సహన పేరే పడింది. కింద పురుషోత్తమ్ రాసిన మాటలు: మాట తెలుగు, అక్షరాలు కన్నడ. వాళ్ళంతా కన్నడ బడిలో చదివిన తెలుగువాళ్ళు గనక గ్రూపు భాష అదే. 'ఏమిది సహనా? శుక్రవారం మర్యాద పోగొడతావా?'

"నేను ఆ ఫైలు ముట్టనే లేదక్కా" అంది సహన. ఏడవడానికి ముందుండే గొంతు అది. "నిన్న సాయంత్రం అంతా పచ్చగా ఉన్నింది."

శశికళ తన కుర్చీని ఆ పిల్ల పక్కకు జరుపుకుంది. ఇద్దరూ ఒక్కొక్క అడుగే నడిపించి చూశారు. అక్కమ్మ వచ్చింది, పేరు సరిగానే ఉంది. తూకం పని చూసే కిశోర్ రాసిన పరీక్షలు ఆమె పేరు మీద కొన్ని టమాట బాక్సులు తూచి, చూడడం అయిపోయాక వాటిని అలాగే వదిలేశాయి. ఫోను నంబరు మారితే ఏమవుతుందో చూడడానికి ఇంకెవరో ఆమె నంబరు మార్చి, మళ్ళీ పెట్టడం మరిచిపోయారు. ఖాతా మూసేస్తే ఏమవుతుందని చూసినవాళ్ళు ఖాతాను మూసే ఉంచారు. చివరికి డబ్బు వేద్దామని సహన పరీక్ష వచ్చేసరికి, ఎవరివో బాక్సులు నెత్తిన పెట్టుకుని, పని చెయ్యని ఫోనుతో, ఖాతా లేకుండా అక్కమ్మ నిలబడి ఉంది. మాట పడింది సహన.

సహనకు నవ్వొచ్చింది, కోపంలోనే. "ఒకే అక్కమ్మని అందరికీ ఇస్తే ఎట్లక్కా? ఒక్కొక్కరు ఒక్కొక్క మాదిరి చేసి పంపిస్తాండారు. ఎవరి పరీక్షకి వాళ్ళకి కొత్తగా అక్కమ్మ రావల్ల. పని అయినాక, తీసుకున్నోళ్ళే అంతా సర్ది పోవల్ల."

"తీసుకున్నోళ్ళే సర్దల్లనా?" అని అడిగింది శశికళ.

"మళ్ళా? లేకుంటే వెనకొచ్చేటోళ్ళు ఏం చెయ్యల్ల?"

శశికళ ఆ ఫైలు తెరిచి చూస్తూ కూర్చుంది. తను ఎందుకలా రాసిందో ఆమెకు అప్పుడు అర్థమైంది. ఒక మనిషిని ఇంకో రకంగా వాడుకోవచ్చని ఆమెకు తెలియదు. లేచి వెళ్ళి పురుషోత్తమ్ బల్ల ముందు నిలబడింది.

"అప్పా, తప్పు సహనది కాదు. నేను అక్కమ్మని పెట్టిన తీరుది."

పురుషోత్తమ్ తలెత్తాడు. మంచివాడే, తొందర మనిషి. "ఎవరిదైనా గానీ శశక్కా, అది రిపోర్టులో తెలియల్ల గదా? పేరు చూస్తే నేను ఎవర్ని అడగల్ల, వాళ్ళనే అడిగితిని. రిపోర్టు కూడా నువ్వే సరిచెయ్యి. శుక్రవారం నువ్వే వాళ్ళకి నడిపించి చూపించల్ల." గొంతు తగ్గించాడు. "ఇంకొక మాట. పోయినసారి చిక్కబళ్ళాపురం పోయి రెండు నెలలు రాలేదు. నేను ఏమీ అనలేదు. ఈసారి అట్ల పోతే ఆ కుర్చీ ఖాళీగా పెట్టలేనక్కా. ఉంటే పర్మనెంట్ చేస్తాను."

"యాడికీ పోనప్పా" అంది శశికళ. అన్న తర్వాత తన గొంతు తనకే కొత్తగా వినిపించింది.

మధ్యాహ్నం డబ్బా మూత తీసిందో లేదో బాగేపల్లి నుంచి ఫోను వచ్చింది. ఆమె డబ్బాతోనే మెట్ల మీదికి పోయి ఎత్తింది. అవతల అంగడిలో సామాన్లు పొట్లాలు కట్టే చప్పుడు, రోడ్డు మీద లారీలు. అన్న ఎప్పుడూ అరిచే మాట్లాడతాడు.

"ఏమ్మా శశీ, తింటివా? అర్పితకి నెలలు నిండినాయి. ఈ వారంలోనే అంటాండాది డాక్టరమ్మ. నీ వదినకి మోకాళ్ళ నొప్పులు, బాణంతనం ఆమెతో యాడయితాది? పిల్లకి నీళ్ళు పోసేది, తలకి సాంబ్రాణి పట్టేది, పథ్యం వండేది, అదంతా నీ చేతికే వస్తాది. శుక్రవారం పొద్దున బస్సుకి వచ్చేయ్. మూడు నెలలు గదా, మంచం కూడా వేసుకొని రా."

అర్పిత. అన్న కూతురు. ఆ పేరు వినగానే శశికళ డబ్బాను పక్క మెట్టు మీద పెట్టేసింది. ఆ పిల్ల పుట్టిన రోజు వేడినీళ్ళు కాచింది తను. జడలు వేసింది, జ్వరాల్లో పక్కన కూర్చుంది, మొదటిసారి చీర కట్టింది. ఆ పిల్ల కడుపున పుట్టబోయేదాన్ని ఎత్తుకోవాలని ఆమెకు ఎంత ఆశగా ఉందో అన్నకు తెలియదు. ఆ ఆశ ఒక పక్క లాగుతుంటే ఇంకో పక్క టేకు మంచం పట్టె చేతికి తగులుతున్నట్టే ఉంది.

"అనా... కానీ..."

"అద్దీ! నా చెల్లెలంటే నువ్వేనమ్మా. పెట్టేస్తాండాను, గిరాకీ ఉండాది."

ఫోను తెగిపోయింది. శశికళ మెట్టు మీదే కూర్చుంది. నోట్లో తర్వాతి మాట సిద్ధంగా ఉంది, వినేవాడు లేడు. జీవితంలో మొదటిసారి ఆ మాటను రెండో అర్థంలో అంది. అయితే అన్నకు వినిపించింది ఎప్పటి అర్థమే. అందులో అన్న తప్పేముంది? ఇన్నేళ్ళుగా ఒకే అర్థంతో వాడి వాడి తనే ఆ మాటను అలా తయారు చేసింది. ఆమెకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ముక్కు తుడుచుకుని, చల్లారిన చిత్రాన్నం అంతా తినేసింది. పారెయ్యడం ఆమెకు చేతకాదు.

మధ్యాహ్నమంతా పని చేసింది. అక్కమ్మ ఫైలులో మార్చవలసింది నిజానికి ఒక్క మాటే. 'అందరికీ కలిపి ఒకసారి' అని కంప్యూటరుకు చెప్పే చోట 'ప్రతి పరీక్షకూ' అని రాయాలి. సహన చూపిస్తే రాసింది. పరీక్ష ముగిశాక బాక్సులు, నంబరు, ఖాతా అన్నీ మొదట ఉన్నట్టు పెట్టే వరసలు కింద చేర్చింది. తర్వాత రిపోర్టు పట్టుకుంది. ఇకమీదట ఏది తప్పినా గ్రూపులో పేరు ఒక్కటే పడదు. అక్కమ్మ చేతికి వచ్చినప్పుడు ఎలా ఉందో మొదట, ఏమి జరగాలనుకున్నారో తర్వాత, ఏమి జరిగిందో ఆ కింద, పక్కన ఆ క్షణం తెర ఫొటో. ఈ మాటలన్నీ గ్రూపు భాషలోనే రాసింది. 'అక్కమ్మ వచ్చినప్పుడు ఇట్లుండాది. ఇది కావల్ల. ఇది అయింది.'

సరిగా పడుతుందో లేదో చూడడానికి కావాలని ఒక తప్పు పెట్టి నడిపింది. గ్రూపులో సందేశం పడింది. ఎవరి మీదా నింద లేదు. జరిగింది జరిగినట్టు ఉంది. తప్పు తీసేసి మళ్ళీ నడిపితే ఒక్కొక్క వరసే పచ్చబడుతూ పోయింది. ప్రతి వరసకూ అక్కమ్మ రెండెకరాలతో, ఫోనుతో, ఖాతాతో కొత్తగా వస్తోంది, పని చూసుకుని పోతోంది. సహన కుర్చీలోంచే ఆమె భుజం పట్టుకుని ఊపింది. శశికళకు కళ్ళు చెమర్చాయి. కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది. ఆ అక్కమ్మను చూసి ఆమెకు అసూయ కలిగింది, సంతోషమూ కలిగింది.

సాయంత్రం ఆమె ముందు ట్యూషనుకే పోయింది. మాట ఇచ్చింది గనక పిల్లల్ని తీసుకొచ్చి ఇంట్లో దింపింది, పాలు వెచ్చబెట్టి ఇచ్చింది. అప్పుడు చెప్పులేసుకుని సందులోకి నడిచింది. చౌడమ్మ దీపం వెలిగిస్తోంది. ఏమీ అడగకుండా గూట్లోంచి తాళం చెవి తీసి చేతిలో పెట్టింది.

గదిలో దుమ్ము వాసన. ఒక బల్బు, ఒక కిటికీ, ఆ మంచం. శశికళ దాని మీద కూర్చుంది. అది కిర్రుమనలేదు. ఫోను తీసి అన్నకు కలిపింది. అన్న ఎత్తగానే, భయం వేసేలోపల మొదలుపెట్టింది.

"అనా, మధ్యాహ్నం నేను కానీ అన్నది ఒప్పుకొని కాదు. ఆ మాట వెనక ఇంకొక మాట ఉండాది. నువ్వు పెట్టేస్తివి."

"ఏం మాటమ్మా?"

"రాను, అనా."

అవతల పొట్లాల చప్పుడు ఆగిపోయింది. ఈసారి అన్న అరవలేదు. అదే ఆమెకు ఎక్కువ కష్టంగా తోచింది.

"ప్రతిమ పంపనంటాండాదా?"

"లేదు, అనా. ప్రతిమ తప్పేమీ లేదు. వదిన తప్పూ లేదు. నాకు పనుండాది. నాకు ఒక రూము తీసుకుంటిని. ఈడ."

"రూమా? ఒంటిగానా? మళ్ళా నిన్నెవరు చూసేదమ్మా, ఒళ్ళు బాగలేకుంటే?" అన్న ఆ మాటను నిజంగానే అన్నాడు. ఇన్నేళ్ళూ తామే ఆమెను చూసుకుంటున్నామని అతని నమ్మకం. అది అబద్ధమని చెప్పి అతన్ని బాధపెట్టడం ఆమెకు ఇష్టం లేకపోయింది.

"మీరంతా ఉండారు గదనా" అంది.

ఫోను చేతులు మారిన చప్పుడు. అర్పిత గొంతు, ఆయాసంగా. "అత్తా, ఉండలేకుంటే పోనీలే. అమ్మా నేనూ ఎట్లో చూసుకుంటాము, ఎవరన్నా మనిషిని పెట్టుకుంటాము. పుట్టినాక చూసేదానికన్నా వస్తావు గదా?"

"రాకుంటానా పాపా? పుట్టినాక వచ్చే ఆదివారమే వస్తాను. పొద్దంతా ఎత్తుకొని కూర్చొని, సాయంత్రం బస్సుకి వెళ్ళిపోతాను."

"యాడికి? ప్రతిమత్త ఇంటికా?"

"మా ఇంటికి" అంది శశికళ.

అన్నాక ఆమె ఫోనును చెవికి అలాగే పట్టుకుని కూర్చుండిపోయింది. అవతల అర్పిత నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. తను మాత్రం ఏడ్చింది, శబ్దం రాకుండా కాదు, గట్టిగానే. గోడకు అవతల చౌడమ్మకు వినిపించినా ఫరవాలేదనుకుంది.

ఆమె ప్రతిమ ఇంటికి తిరిగి వచ్చి సంచీ సర్దుకుంటుంటే ప్రతిమ మీటింగు నుంచి వచ్చింది. సంగతి అంతా అప్పటికే బాగేపల్లి నుంచి చేరింది. ముందు కోపం చేసుకుంది. ఊళ్ళో వాళ్ళు ఏమంటారంది, మా ఇంట్లో ఏమి తక్కువైందంది. శశికళ చీరలు మడుస్తూనే వింది. మడిచే చీరలు ఎక్కువ లేవు. సోపు డబ్బా, దువ్వెన, నాన్న ఫొటో, కళ్ళద్దాల పెట్టె. ప్రతిమ గొంతు మెల్లగా తగ్గింది. వచ్చి పక్కన కూర్చుని, అక్క చేతిలోంచి చీర తీసుకుని తనే మడిచి సంచీలో పెట్టింది.

"చెప్పల్ల గదక్కా నాతో. వారం నుంచీ కడుపులో పెట్టుకొని తిరిగితివా?"

"చెప్పేదానికి నాకు రాలేదే" అంది శశికళ. "ఇప్పుడిప్పుడే వస్తాండాది."

పిల్లలు వాకిట్లో నిలబడి చూస్తున్నారు. చిన్నది సంచీ పట్టుకుంది. వీధి దీపాలు వెలుగుతున్నాయి. గడప దాటబోతుంటే ప్రతిమకు గుర్తొచ్చి లోపలికి చూసింది.

"మంచం?"

శశికళ వెనక్కి తిరిగి వంటింటి తలుపువైపు చూసింది. నాన్న గౌరిబిదనూరు నుంచి దాన్ని సైకిలు మీద అడ్డంగా పెట్టుకుని తోసుకుంటూ వచ్చిన సాయంత్రం ఆమెకు కనిపించినట్టే ఉంది. దగ్గరికి పోయి దుప్పటి సర్ది, కడ్డీ మీద ఒకసారి అరచెయ్యి ఆనించింది.

"ఉండనీ. ఎవరన్నా చుట్టాలొస్తే పనికొస్తాది."

అక్కా పిల్లలూ మెట్లు దిగి సందు మలుపు తిరిగే వరకూ ప్రతిమ వాకిట్లోనే నిలబడింది. తర్వాత లోపలికి వచ్చి, రాత్రికి రాగి ముద్ద కెలకడానికి గిన్నె పొయ్యి మీద పెట్టి, అలవాటుగా అక్కను పిలవబోయి ఆగిపోయింది. వంటింటి తలుపు ఓరగా వేసింది. దాని వెనక మడత మంచం నిలబడి ఉంది. నడుము దగ్గర నవారు ఒక మనిషి పడుకున్నంత మేర జారి ఉంది, కాలికి బస్సు పైన కట్టిన తాడు ముక్క ఇంకా వేలాడుతోంది.